పదకొండో నంబరు ఎనుము

ఆరోగ్యంగా ఉన్న ఎనుము, అంటే గేదె, ఎడమ డొక్కలో పిడికిలి అదిమిపెట్టి కాసేపు నిలబడితే, నిమిషానికి ఒకసారి లోపలినుంచి ఏదో బరువుగా లేచి ఆ పిడికిలిని బయటికి నెడుతుంది. పెద్దపొట్ట తనలోని మేతను కలియబెట్టుకునే కదలిక అది. పశువుల డాక్టర్ హైమవతి ఆ సంగతి కాలేజీలో చదువుకుంది. ప్రయోగశాల కొట్టంలో పశువుల్ని చూసుకునే ఓబులేసు దాన్ని పదేళ్ల వయసులో, తండ్రి తన చెయ్యి పట్టుకుని గొడ్డు డొక్కమీద పెట్టినప్పుడు నేర్చుకున్నాడు. ఇద్దరూ ఒకే కొట్టంలో పద్దెనిమిదేళ్లు పనిచేశారు.

ఆ కదలిక పెద్దపొట్టలో పుట్టదు. దానికి ముందు తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండే చిన్న పొట్ట ఒకటి ఉంటుంది. అది రెండుసార్లు ముడుచుకుంటుంది, ఆ ఊపు అలలాగా వెనకున్న పెద్దపొట్టలోకి పాకుతుంది. గొడ్డు మింగిన బరువైన వస్తువేదైనా ఆ గళ్ల పొట్టలోనే పడి, ఇక ఎటూ కదలకుండా ఉండిపోతుంది. హైమవతి తయారుచేసిన గుండు కూడా అక్కడికే చేరేది. కోడిగుడ్డు కంటే సన్నగా, పొడుగ్గా, చేతికి బరువుగా ఉండే ఆ గుండు లోపల ఒక చిన్న విద్యుత్ యంత్రం ఉంది. అది నరాన్ని తట్టి పొట్టను ముడుచుకునేలా చేసేది, నిమిషానికి రెండుసార్లు. ఎండిన చెనిక్కాయ కట్టె, అంటే వేరుశెనగ మేత, అరగడానికి మూడు రోజులు పట్టే చోట ఒకటిన్నర రోజులో అరిగిపోయేది. పచ్చిగడ్డి మొహం చూడని గొడ్డు పచ్చిక మేసినదానిలా పాలిచ్చేది. వాన ముఖం చాటేసే అనంతపురం పల్లెలకు అంతకంటే కావలసిందేముంది అని హైమవతి అనుకుంది. ఆ అనుకోవడంలో కపటమేమీ లేదు.

కొట్టంలో పన్నెండు ఎనుములకు గుండ్లు వేశారు. ఎనిమిదో నెలలో పదకొండో నంబరు ఎనుము కడుపులోని గుండు పాడై ఆగిపోయింది. ఆగితే ఏమవుతుంది, పొట్ట మళ్లీ పాత పద్ధతిలో నిమిషానికొకసారి కదులుతుంది అని హైమవతి తన పత్రాల్లో అప్పటికే రాసి పెట్టింది.

రెండో రోజు సాయంత్రం ఓబులేసు ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"పదకొండోది కదల్తాలేదు మేడమ్. పొద్దున్నుంచి చెయ్యి పెట్టి చూస్తాండా. ఒక్కసారి గూడా లెయ్యలేదు."

"నరాలు ఎక్కడికీ పోవు ఓబులేసూ. రేపటికి అదే మొదలవుతుంది."

"మొదులైతాదో లేదో. గుండే అంతా చేసి పెడ్తాంటే, అది కదిలేది మరిసిపోయినట్లుండాది."

మూడో రోజు అతడు వేరే పనులన్నీ పక్కన పెట్టి ఆ ఎనుము పక్కనే నిలబడిపోయాడు. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా, పొట్ట తనంతట తాను ఎలా కదులుతుందో అదే వరుసలో డొక్కను పిడికిలితో నొక్కుతూ ఉన్నాడు. పొద్దు వాలేవేళకు మళ్లీ వచ్చి చెప్పాడు. చెయ్యి తీసేశాక అది రెండుసార్లు తనకు తానే కదిలిందట. ఇంకో నాలుగు రోజులు ఇట్లాగే నొక్కితే దారికొస్తుందేమో అన్నాడు.

ఆ వారమే ప్రయోగశాల డైరెక్టరుకు ఫలితాలు పంపాలి. హైమవతి కొట్టానికి వెళ్లి, పొట్ట కదలికను గీసే పరికరం పెట్టి పది నిమిషాలు చూసింది. గీత చదునుగా వచ్చింది. "నీ చెయ్యి నీకే అదిరి ఉంటుంది" అని అతణ్ని దూడల కొట్టానికి పంపేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎనుము కడుపు తప్పెటలా ఉబ్బి, ఊపిరాడక చచ్చిపోయింది.

కోసి చూసినప్పుడు గళ్ల పొట్టలో గుండుతోపాటు వేలిగోరంత ఇనుప తీగముక్క దొరికింది. తుప్పు పట్టి, మొన అరిగిపోయిన ముక్క. మేతలో కలిసి అలాంటివి ఎన్నో గొడ్ల కడుపుల్లోకి పోతూనే ఉంటాయి, చాలావాటికి ఏమీ కాదు. హైమవతి ఆ ముక్కను పళ్లెంలో పెట్టించి, పక్కనున్న ఇద్దరు విద్యార్థులతో, "చావుకు కారణం తీగ గుచ్చుకోవడం. రాసుకోండి" అంది.

ఓబులేసు ఆ గళ్ల పొట్ట పొరను రెండు చేతులతో విప్పి పట్టుకుని ఉన్నాడు. "యాడా గుచ్చుకోలేదు మేడమ్. చూడండి, పొరంతా నున్నగుండాది."

"నువ్వు డాక్టరువా ఓబులేసూ? పొరలు చదవడం నీకెవరు నేర్పారు?"

విద్యార్థులు నవ్వారు. ఓబులేసు పొరను పళ్లెంలో పెట్టి, గోనెపట్టాకు చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తీగ దొరికిన మాట నిజమే కదా అని హైమవతి తనకు తాను చెప్పుకుంది. మిగిలిన పదకొండు ఎనుములూ బాగున్నాయి, పాలు ఇస్తున్నాయి. ఆ ఒక్కటీ లెక్కలోంచి తప్పుకుంది.

ఏడాది తర్వాత గుండ్లు మొదటిసారి బయటి ఊరికి వెళ్లాయి. గువ్వలపల్లిని ఎంచింది డైరెక్టరు. అది ఓబులేసు ఊరు, గొడ్లు అతని మాట వింటాయి కాబట్టి పని సులువవుతుందని. ఆ రోజు అరవై నాలుగు ఎనుముల నోళ్లు ఓబులేసే తెరిచి పట్టుకున్నాడు, హైమవతి గొట్టంతో గుండ్లు వేసింది. చివరి రెండూ అతని ఇంటివి. భార్య తిప్పమ్మ పలుపులు పట్టుకుని వాటిని తోలుకొచ్చింది. ఓబులేసు వాటి నోళ్లు కూడా తెరిచి పట్టాడు. అది చూసి హైమవతి గుండెలమీది బరువు దిగిపోయింది. అనుమానపడ్డ మనిషే తన గొడ్లకు వేయించుకుంటున్నాడంటే ఇక భయమేముంది అనుకుంది. తర్వాత ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఆ క్షణమే. తనకు తెలిసిన నిజానికి అతని నమ్మకాన్ని అడ్డం పెట్టుకుంది.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్ల గొడ్లు మేతలేక కబేళా లారీలెక్కాయి. గువ్వలపల్లి గొడ్లు మాత్రం కట్టుకొయ్యల దగ్గరే నిలిచాయి. పొద్దున్నే పాల కేంద్రం ముందు క్యాన్ల చప్పుడు ఆగలేదు. పత్రికలవాళ్లు వచ్చారు, హైమవతి ఫోటో అచ్చయింది. తిప్పమ్మ వారానికోసారి స్టీలు క్యారియరులో గడ్డపెరుగు తోడేసి భర్త చేత పంపేది. హైమవతి మధ్యాహ్నం అన్నంలో ఆ పెరుగే కలుపుకునేది.

ఒకసారి ఆమె ఊరికి వెళ్లినప్పుడు తిప్పమ్మ కొట్టంలోకి తీసుకెళ్లి గొడ్లను చూపించింది.

"పాలకేం తక్కువ లేదు మేడమ్మా. నెమరేసేదే తగ్గిపోయింది. ముందైతే మద్దేనం పండుకోని, కండ్లు సగం మూసుకోని నముల్తా ఉంటే చూసేకి ఎంత బాగుండేదో. ఇప్పుడు ఊరికే నిలబడి గోడ చూస్తాంటాయి."

"కడుపు నిండుతోంది కదా తిప్పమ్మా."

"నిండుతాండాదిలే" అంది తిప్పమ్మ. ఎనుము మెడ నిమిరి, ముందున్న కట్టెను దానికి దగ్గరగా తోసింది.

గుండు మూడేళ్లు పనిచేస్తుందని ప్రయోగశాల హామీ ఇచ్చింది. ఇరవయ్యో నెలలోనే, ఊరి కోసం విడిగా చేయించిన ఆ గుండ్ల మూత అతుకులు పొట్టలోని పులుపుకు కరిగిపోయాయి. అన్నీ ఒకే రోజు వేసినవి, ఒకే వారంలో ఆగిపోయాయి.

ఓబులేసు ఉదయం పూట ఆమె గదిలోకి వచ్చాడు. గుమ్మంలో ఆగకుండా లోపలికి రావడం అదే మొదటిసారి.

"మా ఊర్లో గొడ్లు మేత ముట్టలేదంట. మూడు దినాలాయ. తిప్పమ్మ ఫోన్ చేసింది."

గుండ్లు ఆగిపోయాయని హైమవతికి అర్థమైంది. డైరెక్టరుకు ఫోన్ చేస్తే, కొత్త గుండ్లు రావడానికి నెలరోజులు పడుతుందన్నాడు. "మేత మారిందనో, రోగమనో చెప్పండి. నోటితో గానీ కాగితం మీద గానీ ఏదీ ఒప్పుకోవద్దు" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, మందుల పెట్టె జీపులో వేయించుకుంది. ఓబులేసును ఎక్కించుకుని నలభై కిలోమీటర్లు వెళ్లింది.

గువ్వలపల్లిలో ఏ కొట్టంలో చూసినా గొడ్లు కాళ్లు ఎడంగా పెట్టి, మెడలు చాచి నిలబడి ఉన్నాయి. ఎడమ డొక్కలు వెన్నుకంటే పైకి ఉబ్బి ఉన్నాయి. రెండు అప్పటికే చచ్చిపోయాయి. హైమవతి గొంతులోంచి గొట్టం దింపి ఒక్కోదాని గాలి తీసింది, నూనె తాగించింది. మొదటి వీధి పూర్తయ్యేసరికి, తొలుత గాలి తీసినవి మళ్లీ ఉబ్బడం మొదలుపెట్టాయి. పొట్ట కదలకపోతే గాలి పైకి రాదు, అది ఏ నూనెతోనూ తీరే పని కాదు. పాల కేంద్రం దగ్గర మగవాళ్లు గుంపుకట్టి, ఊపిరి ఉండగానే లారీకి తోలేద్దామని మాట్లాడుకుంటున్నారు.

ఆమె తిప్పమ్మ కొట్టంలోకి వచ్చింది. "ఓబులేసూ, ఒకసారి నువ్వు చెయ్యి పెట్టి చూడు."

అతడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను పెట్టను మేడమ్."

"ఎందుకు?"

"నాకు తెలీదు గదా. ఆ పొద్దు మీరు అన్నాక ఆలోచన చేసినా. అంత సదువుకున్న మనిషి తీగ అంటాంటే, పొర నున్నగుండాదని నాకెట్ల కనబడింది? నా చెయ్యే తప్పు చెప్పిందనుకుంటి. ఆ పొద్దుట్నుంచి యే గొడ్డు డొక్కమీదా చెయ్యి పెట్టలేదు. మా గొడ్లకు గుండ్లు ఏపించింది గూడా అందుకే. నా మాట తప్పనేగదా మీరు చెప్పింది."

అతడి గొంతులో కోపం లేదు. రోజూ చేసే పని గురించి చెప్పినట్టే చెప్పాడు. ఒక ఎనుము చావుకు కారణాన్ని దాచాననే హైమవతి ఇన్నాళ్లూ అనుకుంది. తండ్రి పట్టి పెట్టిన చేతిని ఆ మనిషి దగ్గరనుంచి లాగేసుకున్నానని ఆ నిమిషం వరకూ ఆమెకు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. మూడో రోజు సాయంత్రం ఓబులేసు చెప్పిన ఆ రెండు కదలికలు. నొక్కుతూ పోతే పొట్ట మళ్లీ నేర్చుకుంటుందని చూపించిన గొడ్డు లోకంలో అదొక్కటే. దాన్ని రాసి ఉంటే, ఈపాటికి ఎలా నొక్కాలో, ఎన్ని రోజులు నొక్కాలో అందరికీ తెలిసి ఉండేది. దోషంతోపాటు మందునూ ఆమె అదే తీగముక్క కింద పూడ్చేసింది. ఇప్పుడు ఈ జనాన్ని లారీ ఆపి రోజుల తరబడి నొక్కమనాలంటే, అలా నొక్కితే ఫలితం ఉంటుందని ఎందుకు నమ్ముతోందో చెప్పాలి. అది చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి.

పాల కేంద్రం మెట్టు మీద నిలబడి చెప్పింది. దాహమేసింది, నీళ్లు అడగడానికి సిగ్గేసి అలాగే చెప్పింది. గొడ్లకు వచ్చింది రోగం కాదని, గుండు వల్లేనని, ఇలా జరుగుతుందని తనకు ముందే తెలుసని, ఒక ఎనుము చస్తే అబద్ధపు కారణం రాశానని చెప్పింది. ఓబులేసు నిజం చెప్తే నలుగురిలో నవ్వులపాలు చేశానంది. అతడు చేసినట్టు నొక్కితే కొన్నయినా బతకొచ్చు, అన్నీ బతుకుతాయని మాత్రం చెప్పలేనంది.

వెనకనుంచి ఎవరో ముసలాయన తిట్టాడు, పక్కవాళ్లు అతణ్ని ఆపలేదు. తిప్పమ్మ ముందుకొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మీ గొడ్లకు వేయడానికి ఏడాది ముందునుంచి."

"నా పెరుగు తింటాంటివే, అప్పుడు గూడా తెలుసునా?"

"తెలుసు తిప్పమ్మా."

తిప్పమ్మ భర్తవైపు తిరిగింది. "నీకు?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "ఆ ఎనుము సచ్చింది నాకూ తెలుసు" అన్నాడు.

ఆమె ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, "గొడ్లేం పాపం చేసినాయి. ఎట్ల నొక్కల్లో చూపీ, రా" అని భర్తతో అని, కొట్టంవైపు నడిచింది.

ఓబులేసు మొదటి ఎనుము పక్కన నిలబడ్డాడు. పిడికిలి బిగించాడు, విప్పాడు. చివరికి డొక్కమీద పెట్టాడు. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. చుట్టూ చేరిన వాళ్లు అతని భుజం కదిలే తీరును చూసి నేర్చుకుని, ఎవరి కొట్టానికి వాళ్లు పరిగెత్తారు.

తొమ్మిది రోజులు ఊరంతా అదే పని. రాత్రీ పగలూ వంతులు వేసుకున్నారు. పక్క ఊళ్లలో గుండ్లు పడని ఎనుములు నెమరు వేస్తుండగా వాటి నోటి ముద్దను తీసి, బకెట్లలో తెచ్చి, ఈ గొడ్లకు నీళ్లతో తాగించారు. చచ్చుబడిన పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులు మళ్లీ పుట్టడానికి అది కావాలి. హైమవతి తిప్పమ్మ కొట్టంలో, వాళ్ల చిన్న ఎనుము దగ్గర వంతు తీసుకుంది. రెండో రోజుకు మణికట్లు వాచాయి. తిప్పమ్మ ఆమెతో మాట్లాడలేదు. కానీ పొద్దెక్కేసరికి, ఇంటికి పనికొచ్చిన వాళ్లకు పెట్టినట్టే, పళ్లెంలో రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి గడపమీద ఉంచేది. హైమవతి వద్దనలేకపోయింది. ఆ ముద్ద మింగడమే ఆ తొమ్మిది రోజుల్లో ఆమెకు అన్నిటికంటే కష్టమైన పని. తిట్టి ఉంటే బదులు చెప్పకుండా నిలబడేది, అది ఆమెకు చేతనవును. పెట్టిన అన్నానికి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

ఆరో రోజు పొద్దున ఓబులేసు నొక్కుతున్న పెద్ద ఎనుము, అతడు చెయ్యి తీసిన తర్వాత, దానంతటది కదిలింది. అతడు ఎవరినీ పిలవలేదు. పిడికిలి అక్కడే ఉంచి, కళ్లు మూసుకుని, ఇంకో కదలిక కోసం ఎదురుచూశాడు. నిమిషం గడిచాక మళ్లీ లేచింది. అప్పుడు తిప్పమ్మను పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని తన చెయ్యి ఉన్న చోట పెట్టాడు.

హైమవతి దగ్గరున్న చిన్న ఎనుము ఏడో రోజు మోకాళ్లమీదకు ఒరిగి, ఇక లేవలేదు. ఆమె అది చచ్చాక కూడా కొంతసేపు నొక్కుతూనే ఉంది. తిప్పమ్మ వచ్చి, ఆమె చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పక్కకు తీసింది.

అరవై నాలుగింటిలో నలభై ఒకటి బతికాయి.

నెల తర్వాత విచారణకు ముగ్గురు అధికార్లు ఊరికి వచ్చారు. బడిగదిలో బల్ల వేసి కూర్చున్నారు. హైమవతి తన వాంగ్మూలం అంతకుముందే రాసిచ్చింది, ఉద్యోగం పోయింది, డాక్టరు పట్టా ఉంటుందో లేదో తెలియదు. ఆ రోజు ఓబులేసు వంతు. ఆమెను వెనక బెంచీమీద కూర్చోమన్నారు.

అతడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. ఆమెకు అనుకూలమైన మాట ఒక్కటీ చేర్చలేదు. వింటున్నంతసేపూ హైమవతికి ముఖం మండుతూనే ఉంది, అయినా తల దించుకోలేదు.

అందరికంటే పెద్ద అధికారి కళ్లజోడు సర్దుకుని అడిగాడు. "అనుమానం ఉన్నప్పుడు, గుండ్లు వేసే రోజున మీ ఊరివాళ్లకైనా చెప్పవలసింది కదా. ఎందుకు చెప్పలేదు? అరవై నాలుగు నోళ్లు నువ్వే తెరిచి పట్టుకున్నావు."

"సిగ్గు సార్" అన్నాడు ఓబులేసు. "మల్లా నోరు తెరిస్తే మల్లా నవ్వుతారని. ఆ సచ్చిన ఇరవై మూడూ నా చేతిమీద పోయినట్లే ఉండాది. ఊర్లో తలెత్తుకోని తిరగలేకుండా ఉండా."

రాసుకుంటున్న గుమాస్తా కలం కదులుతోంది. హైమవతి లేచి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"అది అలా రాయొద్దు."

"మీ వాంగ్మూలం అయిపోయిందమ్మా, కూర్చోండి" అన్నాడు అధికారి.

"కూర్చుంటాను. కానీ అది అతని తప్పుగా రాయొద్దు. ఆ సిగ్గు అతనిది కాదు. దాన్ని అతనిలో పెట్టింది నేను. నా పేరు కింద రాయండి."

అధికారి గుమాస్తావైపు చూశాడు, గుమాస్తా అధికారివైపు చూశాడు. "సిగ్గు అనే మాట నివేదికలో ఏ గడిలో వస్తుంది సార్?" అని గుమాస్తా మెల్లగా అడిగాడు.

"కారణం అనే గడిలో రాయి" అన్నాడు అధికారి కొంచెం ఆలోచించి.

గుమాస్తా పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ఓబులేసు ఆ కాగితం మీద నిదానంగా, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ సంతకం పెట్టాడు. కండువా భుజాన వేసుకుని, ఆమె బెంచీ పక్కనుంచి నడిచి బయటికి వెళ్లిపోయాడు. ఆమెవైపు చూడలేదు. చూస్తాడని హైమవతి అనుకోనూ లేదు. తలుపులోంచి కనబడినంత దూరం అతడి వీపు చూస్తూ నిలబడింది. అతడు తల ఎత్తే నడుస్తున్నాడు.